ఈస్టర్న్ సౌండ్స్: యూసెఫ్ లతీఫ్ జాజ్ ఆల్బమ్

ఈస్టర్న్ సౌండ్స్ అమెరికన్ వాద్యకారుడు యూసెఫ్ లతీఫ్ (1920-2013) చేసిన జాజ్ ఆల్బమ్. న్యూజెర్సీ రాష్ట్రం ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో 1961 సెప్టెంబరు 5న, ఒక్క రోజులో దీని రికార్డింగు పూర్తయింది. ప్రెస్టీజ్ కంపెనీ దీన్ని తన ఉపశాఖ మూడ్స్‌విల్ పేరు మీద వెలువరించింది. ఇందులో ఉన్నవి తొమ్మిది అంశాలు, అన్నీ కలిపి సుమారు 40 నిమిషాలు. లతీఫ్ టెనర్ శాక్సొఫోన్, ఓబో, ఫ్లూట్‌లతో పాటు చైనా వాళ్ళ గుండ్రటి పిల్లనగ్రోవి షున్‌ను కూడా వాయించాడు. పియానో బ్యారీ హారిస్‌ది, డ్రమ్స్ లెక్స్ హంఫ్రీస్‌వి, బాస్ ఎర్నీ ఫారోది. కొన్నిచోట్ల ఫారో బాస్ పక్కన పెట్టి రబాబ్ అనే తంత్రీవాద్యం అందుకున్నాడు. మోడల్ జాజ్‌తో తూర్పు దేశాల సంగీతాన్ని జోడించిన తొలి ఆల్బమ్‌లలో ఒకటిగా దీనికి పేరుంది. ఆ పేరు తప్పని చెప్పడానికి లేదు గానీ, దాన్ని పట్టుకుని వింటే మాత్రం తూర్పు కోసం వెతకకూడని చోట వెతుకుతాం. అంశాల పేర్లలోనూ అరుదైన వాద్యాలలోనూ కనిపించే తూర్పు పలచనిది. పాట కింద ఆధారాన్ని కదలనివ్వకుండా ఒక్కచోట నిలిపి, పైన స్వరాన్ని తీరిగ్గా నడవనివ్వడంలో ఉన్న తూర్పే ఈ ఆల్బమ్‌లో గట్టిది. ఆ పద్ధతి లతీఫ్‌కు ఆసియా నుంచి ఎంత వచ్చిందో, అతను పెరిగిన డెట్రాయిట్ నగరపు బ్లూస్ నుంచీ అంతే వచ్చిందని ఈ వ్యాసం వాదన.

ముందుగా మోడల్ జాజ్ సంగతి. 1940లలో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తీర్చిదిద్దిన బీబాప్ శైలిలో కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, చకచకా మారుతుంటాయి. మనోధర్మంతో వాయించేవాడు ప్రతి మలుపులోనూ మారిన కార్డ్‌కు తగిన స్వరాలు ఏరుకోవాలి. దీనికి అసాధ్యమైన నేర్పు కావాలి, కానీ కొంతకాలానికి ఆ నేర్పే బంధనమైంది. జార్జ్ రసెల్ 1953లో తెచ్చిన సిద్ధాంత గ్రంథం కార్డ్స్‌కు బదులు స్వరశ్రేణులను ఆధారం చేసుకునే దారి చూపింది. మైల్స్ డేవిస్ 1959లో కైండ్ ఆఫ్ బ్లూ ఆల్బమ్‌తో ఆ దారిని జనంలోకి తెచ్చాడు. అందులోని సో వాట్ అనే అంశం లెక్క చాలా సులువు: 32 ఆవర్తాలలో మొదటి 16 ఒకే స్వరశ్రేణిలో, తరవాతి 8 అదే శ్రేణిని అర స్వరం పైకి జరిపి, చివరి 8 మళ్ళీ మొదటి చోట. వాళ్ళు డోరియన్ అని పిలిచే ఆ శ్రేణి మన ఖరహరప్రియ స్వరాలదే. అలాగే లిడియన్ మన కల్యాణి, ఫ్రిజియన్ మన తోడి. ఇంతమాత్రాన అమెరికా వాళ్ళు రాగాలు వాయించారనుకుంటే పొరపాటు. మోడ్, అంటే ఇలాంటి స్వరశ్రేణి, మన మేళకర్తకు సమానం, రాగానికి కాదు. ఒకే మేళంలో పుట్టిన రెండు రాగాలను వేరుచేసే సంచారం, గమకం, న్యాసస్వరం మోడ్‌లో ఉండవు. ఉన్నదల్లా స్వరాల మెట్లు, వాటి మీద ఎక్కిదిగడానికి దండిగా సమయం.

కైండ్ ఆఫ్ బ్లూ వచ్చాక దానికి కాస్త ఆసియా రంగు పూసి లతీఫ్ ఈ ఆల్బమ్ చేశాడని అనుకోవడం తేలిక. తేదీలు చూస్తే అది నిలవదు. 1957లోనే సవాయ్ కంపెనీకి లతీఫ్ జాజ్ మూడ్, ప్రేయర్ టు ది ఈస్ట్ వంటి రికార్డులు చేశాడు. జాజ్ మూడ్‌లో ఇదే ఎర్నీ ఫారో రబాబ్ వాయించాడు. ట్రాంబోన్ వాయించే కర్టిస్ ఫుల్లర్ చేతికి తాళవాద్యం వచ్చింది. లతీఫ్ అర్గుల్ అనే అరబ్బు జంట గొట్టాల వాద్యాన్ని ఊదాడు. ఆ వాద్యంలో ఒక గొట్టం పాట పాడుతుంటే రెండోది ఒకే స్వరాన్ని ఎడతెగకుండా పట్టి ఉంచుతుంది. మైల్స్ డేవిస్ స్టూడియోలో అడుగుపెట్టడానికి రెండేళ్ళ ముందే లతీఫ్‌కు శ్రుతి మీద నిలబడి వాయించడం అలవాటైంది. కాబట్టి మోడల్ జాజ్ చరిత్రను న్యూయార్క్‌లో మొదలుపెట్టి మిగిలిన ఊళ్ళన్నిటికీ అక్కణ్ణుంచి పంచిపెట్టే మామూలు కథనం లతీఫ్ విషయంలో తలకిందులవుతుంది.

ఆ మనిషి నడిచిన దారి తెలిస్తే ఇందులో ఆశ్చర్యం ఉండదు. టెనెసీ రాష్ట్రం చట్టనూగాలో విలియం ఇమాన్యుయెల్ హడిల్‌స్టన్‌గా పుట్టాడు. ఐదో ఏట కుటుంబం డెట్రాయిట్ చేరింది. తండ్రి ఇంటిపేరు ఎవాన్స్‌గా మార్చుకోవడంతో మొదట్లో అతను బిల్ ఎవాన్స్‌గానే వాయించాడు. కైండ్ ఆఫ్ బ్లూలో పియానో వాయించిన బిల్ ఎవాన్స్ వేరు. ఈ పేర్ల చిక్కు మళ్ళీ ఒకసారి ఎదురవుతుంది. 1940ల చివర అహ్మదియా ముస్లిం సంఘంలో చేరి యూసెఫ్ లతీఫ్ అయ్యాడు. ఆ సంఘం 1889లో అవిభక్త పంజాబులో పుట్టింది. దాని ప్రచారకుడు ముఫ్తీ ముహమ్మద్ సాదిఖ్ 1920లో అమెరికాలో అడుగుపెట్టాడు. నల్లజాతి జాజ్ కళాకారులలో అహ్మద్ జమాల్, సాహిబ్ షిహాబ్ వంటి వాళ్ళు ఆ ప్రభావంతోనే పేర్లు మార్చుకున్నారు. అంటే లతీఫ్‌కు తూర్పు అన్నది సినిమా తెర మీద చూసిన ఒంటెలూ ఖర్జూర చెట్లూ కాదు. రోజూ తిరిగి ప్రార్థన చేసే దిక్కు. పైగా డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల కోసం వలస వచ్చిన అరబ్బు కుటుంబాలతో నిండిన ప్రాంతం. ఇతర దేశాల సంగీతం వినడానికి, వాద్యాలు సంపాదించడానికి అతను ఓడ ఎక్కనక్కర్లేకపోయింది. 1949లో గిలెస్పీ ఆర్కెస్ట్రాలో కొంతకాలం ఉండి తిరిగొచ్చాక వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఫ్లూట్, సంగీత రచన చదివాడు. ఆ తరవాత డెట్రాయిట్ సింఫనీ వాద్యకారుడి దగ్గర ఓబో నేర్చుకున్నాడు. 1960లో గానీ న్యూయార్క్‌కు మకాం మార్చలేదు.

డెట్రాయిట్‌లో ఇంకొకటి కూడా ఉంది; జాజ్ చరిత్రకారులు దాన్ని ఈ ఆల్బమ్ పక్కన పెట్టి చూడటం తక్కువ. మిసిసిపీ నుంచి వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడిన జాన్ లీ హుకర్ 1948లో బూగీ చిల్లెన్ రికార్డు చేశాడు. ఒక మనిషి, ఒక ఎలక్ట్రిక్ గిటార్, నేల మీద కాలి తాళం. పుస్తకాలలో చెప్పే బ్లూస్‌కు 12 ఆవర్తాలు, వాటిలో మూడు కార్డ్స్ ఉండాలి. హుకర్ మూడింటిలో రెండు వదిలేసి, మొదలుపెట్టిన చోటే పాట పొడుగునా నిలబడ్డాడు. అది లక్షల్లో అమ్ముడుపోయింది. దాన్ని విన్న జనానికి ఒకే శ్రుతి మీద సాగే సంగీతం కొత్తగానీ విదేశీగానీ అనిపించలేదు. దక్షిణాది పల్లెల బ్లూస్‌లో, నల్లజాతి చర్చీల కీర్తనల్లో అది మొదటి నుంచీ ఉన్నదే. మూడు కార్డ్స్ చట్రం పట్నం వచ్చాక స్థిరపడింది. లతీఫ్ తన జీవితమంతా బ్లూస్ వాయించాడు. ఏ వాద్యం చేతికి వచ్చినా ముందు దాని మీద బ్లూస్ పలికించి చూసిన మనిషి. ఆసియా సంగీతంలో శ్రుతి నిలకడను విన్నప్పుడు అతనికి అందులో వినిపించింది పరాయితనం కాదు, చిన్ననాటి నుంచి ఎరిగిన అలవాటే. ఈస్టర్న్ సౌండ్స్‌లో చేసిన జోడింపు ఎక్కడా అతుకు కనపడకుండా ఉందంటే కారణం అదే.

ఇప్పుడు ఆల్బమ్‌లోకి వెళ్దాం. మొదటి అంశం ద ప్లమ్ బ్లాసమ్. కింద ఒక చిన్న తంత్రీనాదపు వరస, గుప్పెడు స్వరాలది, తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. దానిపైన లతీఫ్ షున్ ఊదుతాడు. షున్ కాల్చిన మట్టితో చేసిన బోలు గుండు. పైన ఊదే రంధ్రం, ఒంటి మీద వేళ్ళకు కొన్ని రంధ్రాలు. లతీఫ్ చేతిలోని షున్ పలికేది ఐదే స్వరాలు. శాక్సొఫోన్ మీద రెండున్నర స్థాయిలు అవలీలగా పరుగెత్తే మనిషి తనంతట తాను ఐదు స్వరాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఇక అక్కడ చూపించడానికి వేగం లేదు, విస్తృతి లేదు. ఏ స్వరం ముందు, ఏది వెనక, ఎంతసేపు ఊది ఎక్కడ ఆగాలి అన్నవే మిగిలాయి. పాట హుషారుగా నడుస్తుంది. ధ్యానం, ధూపం అనే వాతావరణం దరిదాపుల్లో లేదు. చిన్న పిల్లలు గెంతుకుంటూ పాడుకునే వరసలా ఉంటుంది. ఆ తరవాత బ్యారీ హారిస్ పియానో అందుకుంటాడు, అందుకుని నిక్షేపంగా బ్లూస్ వాయిస్తాడు. చైనా వాద్యం ఆగి డెట్రాయిట్ పియానో మొదలైన ఆ క్షణంలో కింద వరస మారదు, నడక మారదు, వినేవాడికి ఒక దేశం దాటి ఇంకో దేశంలోకి వచ్చామన్న కుదుపు రాదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్న దానికి ఆల్బమ్ మొత్తంలో ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం లేదు.

రెండో అంశం బ్లూస్ ఫర్ ది ఓరియంట్‌ను తెలుగు చెవికి పరిచయం చేయడం సులభం. లతీఫ్ ఇందులో ఓబో పట్టాడు. ఓబోది రెండు రెల్లు పీకలు కలిసి మోగే జాతి. మన సన్నాయి, నాదస్వరం ఆ జాతివే. మంగళవాద్యం విని పెరిగిన వాళ్ళకు ఈ ముక్కుతో పలికినట్టుండే నాదం అపరిచితం కాదు. ఐరోపా సింఫనీలలో ఓబోను నున్నగా, మెత్తగా, ప్రతి స్వరాన్నీ ఖచ్చితమైన మెట్టు మీద పెట్టి వాయిస్తారు. లతీఫ్ ఆ పాఠం నేర్చుకుని మరీ పక్కన పెట్టాడు. స్వరాన్ని కింది నుంచి జార్చి ఎక్కిస్తాడు, చివర్లో వంచుతాడు, కొన్నిచోట్ల గొంతు జీరపోయినట్టు బొంగురు చేస్తాడు. ఇక్కడ జాగ్రత్తగా వినాల్సింది ఒకటుంది. ఆ వంపులు గమకాల్లా అనిపిస్తాయి గానీ అవి వచ్చిన చోటు బ్లూస్ గాయకుల గొంతు. మూడో స్వరాన్నీ ఏడో స్వరాన్నీ పియానో మెట్లకు కాస్త కిందుగా, అటూ ఇటూ కాకుండా పలకడం బ్లూస్‌కు ప్రాణం. మీటలు బిగించిన ఓబోకు నాదస్వరానికున్న స్వేచ్ఛ లేదు. నాదస్వర విద్వాంసుడు వేళ్ళను సగం ఎత్తీ ఊపిరి బిగువు మార్చీ చేసే పనిలో కొంత భాగాన్ని లతీఫ్ ఒక్క పెదవులతో లాక్కొచ్చాడు. శీర్షికలో బ్లూస్, ఓరియంట్ అన్న రెండు పేర్లూ ఉన్నాయి; సంగీతంలో వాటిని విడదీయడానికి ప్రయత్నిస్తే కుదరదు.

ఆల్బమ్‌లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నది లవ్ థీమ్ ఫ్రమ్ స్పార్టకస్. 1960లో వచ్చిన హాలీవుడ్ చిత్రానికి అలెక్స్ నార్త్ కట్టిన ప్రేమ బాణీ ఇది. సినిమాలో పెద్ద వాద్యబృందం దీన్ని పొంగులు పొంగించి వాయిస్తుంది. లతీఫ్ అందులోంచి ఆ పొంగంతా తీసేశాడు. మూడేసి దెబ్బల నిదానమైన నడక. బాస్, పియానో ఒకే అల్లికను పట్టుకుని ఊగుతుంటాయి. హంఫ్రీస్ డ్రమ్స్ ఉన్నాయా లేవా అన్నంత మెల్లగా వినిపిస్తాయి. వాటి మీదుగా ఓబో బాణీని దాదాపు మార్పు లేకుండా పలుకుతుంది. రెండేళ్ళ తరవాత, 1963లో, పియానిస్టు బిల్ ఎవాన్స్ ఇదే బాణీని కాన్వర్సేషన్స్ విత్ మైసెల్ఫ్ ఆల్బమ్‌లో వాయించాడు. తనే వాయించిన మూడు పియానోలను ఒకదానిమీద ఒకటి రికార్డు చేసి, కార్డ్స్‌ను మరింత చిక్కబరిచి, పాటను పూలపొదలా గుబురెక్కించాడు. ఒకప్పటి బిల్ ఎవాన్స్, అసలు బిల్ ఎవాన్స్ ఒకే బాణీని పట్టుకుని ఎదురు దిక్కులకు నడిచారన్నమాట. మోడల్ జాజ్‌కు ఆద్యుడని పేరున్నవాడు కార్డ్స్ పెంచాడు. తూర్పు రంగు పూశాడని పేరుపడ్డవాడు కార్డ్స్ తుంచాడు. రెండూ అందమైనవే. పాటకు ఏది అవసరమో ఏది కాదో తేల్చే తీర్పులో మాత్రం లతీఫ్‌దే పై చేయి అనాలి.

ఇక ఆక్షేపణలు. మొదటిది గట్టిది. ఈ ఆల్బమ్ తూర్పును సరుకుగా అమ్మిందని, అందులో ప్రాచ్యం పేరిట ఉన్నది పాశ్చాత్యులు కల్పించుకున్న ప్రాచ్యమేనని అనేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆధారాలు దొరక్కపోలేదు. మూడ్స్‌విల్ అన్న పేరులోనే ఉంది విషయం: రాత్రి పూట దీపం తగ్గించి వినే మంద్రమైన పాటల కోసం ప్రెస్టీజ్ పెట్టిన లేబుల్ అది. రెండు సినిమా బాణీలు ఈ ఆల్బమ్‌లో చేరడానికి ఆ అవసరం సరిగ్గా సరిపోయింది. స్పార్టకస్ కథ ఎక్కువగా జరిగేది ఇటలీలో. అది తూర్పు ఎలా అయిందో చెప్పడం కష్టం. రెండోది 1953 నాటి ద రోబ్ చిత్రానికి ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ కట్టిన బాణీ. ఆ కథ రోము నుంచి జెరూసలేం వరకూ తిరిగినా, బాణీ మాత్రం అచ్చంగా హాలీవుడ్‌ది. పైగా చైనా షున్, పశ్చిమాసియా రబాబ్, జపాన్‌నో చైనానో తలపించే పూల పేర్లు, అన్నీ ఒకే గంపలో వేసి తూర్పు అనేయడం భూగోళం తెలిసినవాళ్ళు చేసే పని కాదు. అట్ట మీది పేరు వరకూ ఈ ఆక్షేపణను ఒప్పుకోవాల్సిందే. అయితే సరుకుగా అమ్మే ప్రాచ్యానికి ఒక లక్షణం ఉంది: అది తన వేరుతనాన్ని ఎత్తి చూపుతూ ఉండాలి, ఘంటలు మోగాలి, పాములవాడి బూర వినపడాలి. అప్పట్లో ఎక్జోటికా పేరుతో అమ్ముడుపోయిన రికార్డులు నిండా పక్షి కూతలతో, గంటలతో అదే చేశాయి. లతీఫ్ షున్ ఊదిన వెంటనే హారిస్ బ్లూస్ వాయించడం దానికి సరిగ్గా ఎదురు. వేరుతనాన్ని అమ్మదలచినవాడు ఆ రెంటి మధ్య గోడ కట్టేవాడే గానీ కూల్చేవాడు కాదు.

రెండో ఆక్షేపణ లోపలి నుంచి వచ్చేది. ఇది మోడల్ ఆల్బమే కాదు, అందులో సగం పాతపద్ధతి పాటలేనని. ఇదీ కొంత నిజం. డోంట్ బ్లేమ్ మీ 1932 నాటి జిమ్మీ మెక్‌హ్యూ, డొరతీ ఫీల్డ్స్ పాట. లతీఫ్ దాన్ని టెనర్ శాక్సొఫోన్ మీద నిండుగా, కార్డ్స్ వెంటే నడుస్తూ వాయించాడు. పర్పుల్ ఫ్లవర్ పేరు విని ఏదో ఆశించినవాళ్ళకు దొరికేది చక్కటి నెమ్మది పాట, అంతే. స్నఫూ అమెరికన్ సైనికుల యాసమాట; ఆ అంశం కూడా అంతే అమెరికన్. బ్యారీ హారిస్ అయితే జీవితాంతం బీబాప్‌ను వదలనివాడు, దాన్నే డెట్రాయిట్‌లోనూ తరవాత న్యూయార్క్‌లోనూ ఎందరికో నేర్పినవాడు. కానీ ఈ ఆక్షేపణ మోడల్ జాజ్‌ను ఏదో మతంలా ఊహించుకుంటోంది, అందులో చేరితే పాతవన్నీ వదిలెయ్యాలన్నట్టు. కైండ్ ఆఫ్ బ్లూలోనూ బ్లూస్ ఉంది, కార్డ్స్ మారే పాటా ఉంది. ఈస్టర్న్ సౌండ్స్‌లో హారిస్ ఉండటం లోపం అనిపించదు సరికదా, ఆల్బమ్‌కు అతనే వెన్నెముక. ఒకే వరస మీద సాగే చోట కూడా అతను కార్డ్స్ ఎరిగినవాడి పొదుపుతో వాయిస్తాడు. ఎక్కడ ఏమి వదిలెయ్యాలో తెలియాలంటే ముందు అది చేతిలో ఉండాలి. చింగ్ మియావ్ అనే అంశం సంగతి కూడా ఇక్కడే. అది ఐదు దెబ్బల తాళం, మన ఖండచాపు లెక్క. 1959లో డేవ్ బ్రూబెక్ బృందం టేక్ ఫైవ్‌తో అదే లెక్కను జనాదరణలోకి తెచ్చింది కాబట్టి 1961లో ఐదు దెబ్బలు వింత కాదు. బ్రూబెక్ బృందం ఆ తాళంతో ఆడుకుంది. లతీఫ్ శాక్సొఫోన్ దాన్ని పట్టించుకోనట్టుగా, నాలుగు దెబ్బల బ్లూస్ వాయించినంత బరువుగా దూసుకుపోతుంది.

మూడో ఆక్షేపణ భారతీయ సంగీతం తెలిసిన శ్రోత నుంచి రావడం సహజం. ఇందులో రాగ విస్తారం ఎక్కడ, ఏ దేశపు సంప్రదాయమైనా లోతుగా నేర్చిన దాఖలా ఎక్కడ అని అడుగుతాడు. లేదు, అది నిజమే. పోల్చడానికి అదే కాలపు ప్రయత్నాలు రెండు మూడు ఉన్నాయి. బాస్ వాద్యకారుడు అహ్మద్ అబ్దుల్ మాలిక్ 1958లో జాజ్ సహారా చేసినప్పుడు తనే ఊద్ పట్టి, కానూన్, వయొలిన్ వాయించే అరబ్బు సంగీతజ్ఞులను పిలిపించి జానీ గ్రిఫిన్ శాక్సొఫోన్ పక్కన కూర్చోబెట్టాడు. రవిశంకర్ 1962లో వెలువరించిన ఇంప్రొవైజేషన్స్‌లో బడ్ షాంక్ ఫ్లూట్‌తో జాజ్ వాద్యకారులు చేరారు. కలకత్తాలో పుట్టిన జాన్ మేయర్, జమైకాలో పుట్టిన జో హారియట్ లండన్‌లో కలిసి 1966లో ఇండో-జాజ్ స్వీట్ తెచ్చారు. ఐదుగురు జాజ్ వాళ్ళు, ఐదుగురు భారతీయ సంగీతం వైపు వాళ్ళు. ఇవన్నీ రెండు సంప్రదాయాలను ఎదురెదురుగా నిలిపిన ప్రయోగాలు. ప్రామాణికతలో లతీఫ్ ఆల్బమ్ కన్నా ఇవి ముందుంటాయి. వినడంలో మాత్రం చాలాచోట్ల రెండు బృందాలు వంతులేసుకుని వాయిస్తున్నట్టుంటుంది. ఇటు తబలా ఆగితే అటు డ్రమ్స్, ఇటు సితార్ ముగిస్తే అటు శాక్సొఫోన్. రాయబారుల చర్చల్లో కనిపించే మర్యాద అది. ఈస్టర్న్ సౌండ్స్‌లో రాయబారులు లేరు. నలుగురూ ఒకే సంప్రదాయం వాళ్ళు, వాళ్ళలో ముగ్గురు ఒకే ఊరి వాళ్ళు. రాగాన్ని కొలిచే బద్దతో దీన్ని కొలిస్తే చాలా తక్కువ పొడవే తేలుతుంది. బ్లూస్‌ను ఎంత దూరం తీసుకెళ్ళిందన్న బద్దతో కొలిస్తే ఆ కాలంలో దీనికి సాటి రాగల రికార్డులు కొద్దే.

1961 నవంబరులోనే జాన్ కోల్‌ట్రేన్ న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో ఇండియా అనే అంశం వాయించాడు. శ్రుతిని నిలపడానికి ఇద్దరు బాస్ వాద్యకారులను పెట్టుకున్నాడు. అబ్దుల్ మాలిక్‌నూ పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కోల్‌ట్రేన్, లతీఫ్ మిత్రులు. స్వరాల చక్రం ఒకటి గీసి కోల్‌ట్రేన్ లతీఫ్‌కు ఇచ్చాడు. దాన్ని లతీఫ్ 1981లో అచ్చువేసిన తన స్వరశ్రేణుల సంకలనంలో చేర్చాడు. ఎవరు ఎవరికి నేర్పారన్న లెక్కలు ఇక్కడ అనవసరం. లతీఫ్ కానన్‌బాల్ ఆడర్లీ బృందంలో రెండేళ్ళు తిరిగి, ఇంపల్స్, అట్లాంటిక్ కంపెనీలకు రికార్డులు చేస్తూ, మధ్యలో మళ్ళీ చదువుకు కూర్చున్నాడు. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ అందుకున్నాడు. పరిశోధన విషయం పాశ్చాత్య, ఇస్లామిక్ విద్యావిధానాలు. 1980లలో కొన్నేళ్ళు నైజీరియాలోని అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. జాజ్ అన్న ముద్ర తన సంగీతానికి వెయ్యడం అతనికి ఎన్నడూ రుచించలేదు. ఆ మాటకొస్తే ఈస్టర్న్ అన్న ముద్ర మాత్రం ఎంత సరిపోయిందని అడగవచ్చు. స్పార్టకస్ బాణీ అతని చెయ్యి దాటి చాలా దూరం పోయింది. జపాన్ హిప్‌హాప్ కళాకారుడు నుజాబెస్ దాన్ని ముక్కలు చేసి ద ఫైనల్ వ్యూలో తిప్పాడు. కదలని అల్లిక మీద కట్టిన పాట గనుక, ఏ రెండు ఆవర్తాలు కత్తిరించి తిప్పినా నిలుస్తుంది.

అయితే ఈ ఆల్బమ్ వారసత్వం అన్నిటికన్నా దగ్గరగా కనిపించేది ఒక కుటుంబంలో. రబాబ్ పట్టిన ఎర్నీ ఫారోకు సవతి చెల్లెలు ఒకామె ఉంది, పేరు ఆలిస్ మెక్‌లియాడ్. డెట్రాయిట్‌లోనే పియానో నేర్చింది. కోల్‌ట్రేన్‌ను పెళ్ళాడి ఆలిస్ కోల్‌ట్రేన్ అయింది. ఫారో 1969లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆమె జర్నీ ఇన్ సచ్చిదానంద రికార్డు చేసింది. తంబూరా శ్రుతి అందులో ఎవరూ పొరబడలేనంత తేటగా మోగుతుంది. తరవాతి కాలంలో ఆమె పుట్టపర్తి సత్యసాయిబాబా భక్తురాలైంది. కాలిఫోర్నియాలో తాను పెట్టిన ఆశ్రమానికి 1990లలో సాయి అనంతం అని పేరు మార్చింది. ఈస్టర్న్ సౌండ్స్‌కు తెలుగు నేలతో ఉన్న బంధుత్వం ఇంతే, అదీ చుట్టరికం మీదుగా వచ్చిందే. సంగీతపరంగా చూస్తే మాత్రం జర్నీ ఇన్ సచ్చిదానంద పేరుగల అంశాన్ని లతీఫ్ ద ప్లమ్ బ్లాసమ్ పక్కన పెట్టి వినాలి. తంబూరా మోగుతుండగా సెసిల్ మెక్‌బీ బాస్ మీద ఒక చిన్న వరసను పదే పదే తిప్పుతుంటాడు, పదేళ్ళ కిందట ఎర్నీ ఫారో తిప్పినట్టే. పైన హార్ప్, ఫేరో శాండర్స్ శాక్సొఫోన్ తీరిగ్గా తిరుగుతాయి. వినగానే భారతదేశాన్ని తలపించేది తంబూరా. కానీ తంబూరా తీసేసినా ఆ పాట నిలబడుతుంది. మెక్‌బీ బాస్ తీసేస్తే నిలబడదు.